శిశువుల అస్థిభంగ కాలనిర్ణయము: కణజాల సాక్ష్యముపై ఒక విమర్శ

మాటలు రాని శిశువునకు గాయమైనపుడు అది ఎన్నడు జరిగినదో, ఎట్లు జరిగినదో చెప్పవలసినవారు పెద్దలే. తల్లి చెప్పినది, అమ్మమ్మ చెప్పినది, పొరుగింటివారు విన్నది; ఇంతకుమించి ఆధారముండదు. శిశువు మరణించి, శవపరీక్షలో ప్రక్కటెముకలు విరిగియున్నట్లు తేలినపుడు ఆ పెద్దల మాటయే శంకకు లోనగును. అపుడు న్యాయస్థానము వైద్యుని అడుగు మొదటి ప్రశ్న, ఈ ఎముక విరిగి ఎన్నినాళ్ళైనదని. విరిగినచోటి కణజాలమును సూక్ష్మదర్శినితో పరీక్షించి దీనికి సమాధానము చెప్పు పద్ధతి గత కొన్ని దశాబ్దములలో బలపడినది. ఆ పద్ధతి ఎంతవరకు నమ్మదగినది, ఎచ్చట దాని మాట ఆగిపోవును, గంజాం జిల్లావంటి చోట దానిని ప్రయోగించునపుడు ఏ జాగ్రత్తలు వలయును అనునవి ఇచట విమర్శింపబడును.

బరంపురమునకు ఈ ప్రశ్న పరాయిది కాదు. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రము ఏర్పడువరకు గంజాం మద్రాసు రాజధానిలో భాగముగా నుండెను. ఆ రాజధానిలో ఈ ప్రాంతపు విద్యార్థులకు దగ్గరగా నున్న వైద్యకళాశాల 1923లో విశాఖపట్టణమున వెలసినదే. 1962లో బరంపురమునకు స్వంత వైద్యకళాశాల లభించినది. పర్లాకిమిడి మహారాజు కృష్ణచంద్ర గజపతి పేర నేడది నడచుచున్నది. దక్షిణ ఒడిశాలోని పలు ప్రాంతములనుండి తెలుగువారును, ఒడియావారును, కొండజాతులవారును తమ బిడ్డలను అచటికి తెత్తురు. అట్టి చోట శిశువు గాయమును గూర్చిన ప్రశ్న వైద్యప్రశ్నగా మాత్రమే నిలువదు. అది రెండు మూడు భాషలలో, అనేక కుటుంబాచారముల నడుమ, పోలీసుల ఎదుటను న్యాయస్థానము ఎదుటను తేలవలసిన ప్రశ్నయగును.

శాస్త్రము నడచిన త్రోవ

శిశువుల శరీరములపై ఇంటివారే చేయు హింసను వైద్యశాస్త్రము చాలకాలము గుర్తింపలేదు. 1860లో ఫ్రాన్సు దేశపు న్యాయవైద్యుడు టార్డ్యూ ఈ విషయమై వ్రాసినను దానిని పట్టించుకొన్నవారు తక్కువ. 1946లో అమెరికాలో ఎక్స్‌రే వైద్యుడు జాన్ క్యాఫీ ఆరుగురు శిశువులను గూర్చి వ్రాసెను. వారందరికిని మెదడుపై పొరక్రింద రక్తము గడ్డకట్టియుండెను. వారి చేతుల ఎముకలలోను, కాళ్ళ ఎముకలలోను కలిపి 23 భంగములుండెను. వానికి తగిన కారణమును ఎవరును చెప్పలేదు. 1953లో సిల్వర్‌మన్ ఇట్టి భంగములకు మూలము దెబ్బలేయని స్పష్టము చేసెను. 1962లో, అనగా బరంపురమున వైద్యకళాశాల వెలసిన ఏటనే, కెంప్ ప్రభృతులు దెబ్బలు తిన్న శిశువుల లక్షణసముదాయమును వర్ణించి లోకము దృష్టి నాకర్షించిరి. బిడ్డ చెప్పజాలని దానిని ఎముక చెప్పునను భావము నాటినుండి వైద్యులలో ప్రచారమునకు వచ్చినది.

ఆ భావము శిశురక్షణకు ఎంతో మేలు చేసినది. కాని విమర్శకు లోను కావలసినదియు అదియే. ఎముక సాక్షి యనుట సత్యము. అయితే సాక్షి తాను చూచినదానిని మాత్రమే చెప్పవలెను. ఎముక ఏమి చూచినది, ఏమి చూడలేదు అను విభజన జరుగనిదే ఆ సాక్ష్యమునకు విలువ కట్టుట సాధ్యము కాదు.

1986లో క్లైన్‌మన్ ప్రభృతులు శిశువుల పొడవుటెముకల కొనలయందు కనబడు ఒక ప్రత్యేక భంగమును ఎక్స్‌రేలోను, సూక్ష్మదర్శినిలోను పోల్చి వర్ణించిరి. 1987లో ఓకానర్, కోహెన్ అనువారు ఎక్స్‌రే చిహ్నములకు కాలపట్టిక నొకదానిని కూర్చిరి. 2019లో ఫ్రీమాంట్ మున్నగు ఇంగ్లండు పరిశోధకులు శిశువుల భంగములను కణజాలపరీక్షచే కాలనిర్ణయము చేయుటకు క్రమపద్ధతి నొకదానిని ప్రకటించిరి. అంతకు పూర్వము పెద్దవారి ఎముకలనుండియు, జంతువులపై జరిపిన ప్రయోగములనుండియు గ్రహించిన కాలపరిమితులనే శిశువులకు అన్వయించుట పరిపాటిగా నుండెను. శిశువు ఎముక పెద్దవాని ఎముకకంటె శీఘ్రముగా అతుకుకొనునుగాన ఆ అన్వయము దోషభూయిష్ఠము.

వయస్సునుబట్టి అతుకుకాలము మారునను విషయము మనవారికి తెలియనిది కాదు. సుశ్రుతసంహిత నిదానస్థానము 15వ అధ్యాయమును, చికిత్సాస్థానము 3వ అధ్యాయమును భగ్నములకు చెందినవి. లేత మృదులాస్థులు వంగుననియు, పొడవుటెముకలు విరుగుననియు, బల్లపరుపు ఎముకలు పగులుననియు అందు చెప్పబడినది. బాల్యమున విరిగిన ఎముక ఒక నెలలోను, నడివయస్సున రెండు నెలలలోను, వార్ధకమున మూడు నెలలలోను స్థిరపడుననియు కలదు. ఇది గొప్ప పరిశీలన. అయినను దీనిని చూపి ప్రాచీనులకు కాలనిర్ణయవిద్య తెలియుననుట అతిశయోక్తి యగును. సుశ్రుతుని ప్రశ్న కట్టు ఎప్పుడు విప్పవలెనన్నది. న్యాయస్థానపు ప్రశ్న దెబ్బ ఎప్పుడు తగిలినదన్నది. ఒకటి ముందునకు చూచుచున్నది, రెండవది వెనుకకు చూచుచున్నది. వెనుకకు లెక్కించువాని పని ఎక్కువ కష్టమైనది.

విరిగిన ఎముకలో ఏమి జరుగును?

ఎముక విరిగిన క్షణముననే రక్తము స్రవించి భంగము చుట్టు గడ్డకట్టును. మొదటి దినమున తెల్లకణములు అచట చేరును. రెండు మూడు దినములలో చెత్తను మ్రింగి శుభ్రము చేయు పెద్దకణములు వచ్చును. అవి చెదరిన ఎఱ్ఱకణములను మ్రింగుటచే వానిలో ఇనుము నిలువయుండును; ఆ ఇనుమును ప్రత్యేకమైన రంగుచే నీలవర్ణముగా చూపవచ్చును. ఆ సమయముననే ఎముకను కప్పియున్న పొర దళసరియగును, దానిలోని కణములు పెరుగును. మొదటి వారము ముగియులోపుననే లేత ఎముక పదార్థము సన్నని దారములవలె కనబడ నారంభించును. అది క్రమముగా సున్నమును గ్రహించి, చాపనేతవలె అడ్డదిడ్డముగా అల్లుకొనిన లేత ఎముక యగును. భంగస్థానము కదలుచున్నచో మృదులాస్థి కూడ పెరుగును. ఊపిరితో నిరంతరము కదలు ప్రక్కటెముకలలో ఇది తఱచు కనబడును. తరువాతి వారములలో రెండు తునకలను కలుపు వంతెన ఏర్పడును. ఎముకను కొరికివేయు కణములును, కట్టు కణములును కలసి నెలల తరబడి ఆ మొరటు అతుకును చెక్కి, పొరలు పొరలుగా అమరిన గట్టి ఎముకగా మార్చును.

ఎక్స్‌రేకును సూక్ష్మదర్శినికిని గల భేద మిచటనే తెలియును. సున్నము చేరినదానినే ఎక్స్‌రే చూపగలదు. ఓకానర్, కోహెన్ల పట్టిక ప్రకారము ఎముకపై పొర క్రింద క్రొత్త ఎముక త్వరగా కనబడినచో 4 నుండి 10 దినములలోను, సాధారణముగా 10 నుండి 14 దినములలోను, ఆలస్యమైనచో 14 నుండి 21 దినములలోను కనబడును. గట్టి అతుకు 14 నుండి 21 దినములలో మొదలై, 21 నుండి 42 దినములలో తఱచుగా కనబడి, 90 దినములవరకు పోవచ్చును. కాబట్టి మొదటి వారమున ఎక్స్‌రే దాదాపు మూగది. సూక్ష్మదర్శిని ఆ మొదటి వారముననే ఎక్కువగా మాటలాడును. మూడు నాలుగు వారములు గడచిన పిమ్మట దాని పదును కూడ తగ్గును. అప్పుడు దినములను లెక్కించుట పోయి వారములను, నెలలను లెక్కించుట మిగులును.

పాఠకులు మరువరాని విషయ మొకటి కలదు. ఈ పరీక్ష మరణించిన శిశువులకే చేయబడును. బ్రతికియున్న బిడ్డకు ఎక్స్‌రేయే శరణ్యము. సందేహమున్నచో సుమారు రెండు వారముల తరువాత మరల తీసి చూచుట ఉత్తమపద్ధతి. మొదట కనబడని ప్రక్కటెముక భంగములు అప్పుడు అతుకు రూపమున బయల్పడుట కద్దు.

పద్ధతి యొక్క బలము

ఈ పరీక్ష విరిగిన తేదీని చెప్పునని సామాన్యులు భావింతురు. దాని అసలు బలము వేరొకచోట నున్నది. తనకు చెప్పబడిన కథ సాధ్యమా, అసాధ్యమా అని తేల్చుటయందును, రెండు గాయములలో ఏది ముందు, ఏది వెనుక అని తేల్చుటయందును అది దిట్ట.

ఒక బిడ్డ ఉదయము మంచముపైనుండి పడి సాయంకాలమునకు మరణించినదని చెప్పబడెననుకొనుడు. విరిగినచోట అల్లిక ఎముక ఏర్పడియున్నచో ఆ భంగము ఆ ఉదయమునకు చెందినది కాజాలదు. తేదీ తెలియలేదు, కథ మాత్రము నిలువలేదు. వేరొక బిడ్డ మెడయెముక ప్రసవసమయమున విరిగినదని చెప్పబడెననుకొనుడు. కష్టమైన కాన్పులలో మెడయెముక విరుగుట అపురూపము కాదు. కాని బిడ్డ నెలదాటి బ్రతికియుండియు ఆ ఎముక చుట్టు అతుకు లేశమైనను లేక తాజా రక్తమే యున్నచో ఆ భంగము పురిటినాటిది కాదు. దీనికి విరుద్ధముగా, మంత్రసానిపైనో తల్లిపైనో నింద పడినపుడు, అతుకు వయస్సు బిడ్డ వయస్సుతో సరిపోలి వారిని నిర్దోషులుగా నిలుపవచ్చును. ఈ రెండవ ప్రయోజనము మొదటిదానికంటె తక్కువైనది కాదు.

అట్లే ఒకే బిడ్డ శరీరములో ఒక ప్రక్కటెముకపై నెలనాటి అతుకును, మరియొకదానిపై నిన్నటి రక్తమును కనబడినచో, అవి ఒకే పాటున జరిగిన గాయములు కావని ధైర్యముగా చెప్పవచ్చును. రెండింటికిని శరీరమొకటే, ఆహారమొకటే, వ్యాధియొకటే. కనుక ఒకదానితో నొకటి పోల్చుటలో పొరపాటునకు అవకాశము తక్కువ. ఒంటిగా నొక భంగమునకు ఇన్ని దినములని చెప్పుటలో ఆ రక్షణ లేదు.

పద్ధతి యొక్క దౌర్బల్యము

మొదటి దోషము పట్టికల పుట్టుకలోనే కలదు. కాలపట్టిక తయారగుటకు విరిగిన సమయము నిశ్చయముగా తెలిసిన భంగములు కావలెను. శిశువుల విషయమున ఆ సమయము పెక్కు సందర్భములలో సంరక్షకుల మాటవలననో, నేరమునంగీకరించిన వారి వాఙ్మూలము వలననో తెలియును. ఆ మాట తప్పైనచో పట్టిక తప్పగును. ఆ పట్టికతో మరియొకరి మాటను తప్పనుట మరల తప్పగును. ఇది కొలబద్దను దానితోనే కొలిచినట్లుండును. ప్రసవకాలమున జరిగిన భంగములును, ఆసుపత్రిలో కండ్లయెదుట జరిగినవియు మాత్రమే ఈ దోషమునకు దూరములు.

రెండవ దోషము భంగమంతటను ఒకే ఈడు కనబడకపోవుట. ఒకే అతుకులో వెలుపలి అంచున ముదిరిన ఎముకయు, నడుమ ఇంకను లేత కణజాలమును ఉండవచ్చును. పలుచని ముక్క నొకదానిని కోసి చూచినచో దొరికినదానిని బట్టి తీర్పు మారును. అందుచేత అనేక స్థానములనుండి ముక్కలు తీయవలెను. ఎముకను కండతో సహా తీసి, మొదట దానికి వేరుగా ఎక్స్‌రే తీసి, ఫార్మలిన్‌లో భద్రపరచి, సున్నమును నిదానముగా తొలగించి, పిమ్మట రంగులు వేయవలెను. తొందరపడి తీవ్రమైన ఆమ్లములో నానబెట్టినచో కణములు పాడై రంగును గ్రహింపవు. పనివాని తొందర న్యాయస్థానములో సాక్ష్యపు లోపముగా పరిణమించును.

మూడవది మరల విరుగుట. పెద్దవాని చేయి విరిగినచో కట్టు కట్టి కదలనీయరు. గుర్తింపబడని భంగము గల శిశువును ఎత్తుకొందురు, స్నానము చేయింతురు, బట్టలు మార్తురు. సగము అతికిన ఎముక మరల కదలి తాజా రక్తము స్రవించును. పాత అతుకుపై క్రొత్త రక్తమును చూచిన పరీక్షకుడు దానిని రెండవ దెబ్బ యని వ్రాసినచో, అది నిజము కావచ్చును, కాకపోవచ్చును.

నాల్గవది ఎముక స్వస్థత. విటమిన్ డి లోపముచే కలుగు రికెట్స్, విటమిన్ సి లోపముచే కలుగు స్కర్వీ, పుట్టుకతోడి సవాయి, పెళుసుటెముకల జన్మవ్యాధి, నెలలు నిండక పుట్టిన బిడ్డల ఎముకల పలుచదనము, ఇవన్నియు భంగమును సులభతరము చేయునవో, భంగమువలె భ్రమింపజేయునవో, అతుకు గతిని మార్చునవో యగును. కావున విరిగిన ఎముకతోపాటు విరుగని ఎముక నొకదానిని కూడ పరీక్షించుట విధి. ఎదుగుదల మృదులాస్థి సక్రమముగా నున్నదా, సున్నము సరిగా చేరినదా అని అచట తెలియును. విరుగని ఎముకను చూడని నివేదిక సగము నివేదికయే.

అయిదవది భంగభేదము. పుర్రె ఎముక అతుకు చుట్టు ఉబ్బు పెరుగక మానును. క్లైన్‌మన్ వర్ణించిన ఎముక కొనల భంగము తఱచు క్రొత్త ఎముకను పొరక్రింద చూపకయే మానును. ప్రక్కటెముకల కాలమానమును వీనికి అన్వయింపరాదు. ప్రాణము నిలుపుటకై ఛాతీని నొక్కునపుడు కలుగు భంగములు సాధారణముగా ప్రక్కటెముకల ముందుభాగమున నుండును. వెన్నెముక దగ్గరివి ఛాతీని రెండు చేతుల నడుమ గట్టిగా నొక్కినపుడు కలుగునవిగా ప్రసిద్ధములు. ఇది స్థానభేదము చెప్పు విషయమేగాని కాలభేదము చెప్పునది కాదు. ఈ రెండు వాదములను కలిపివేయుట నివేదికలలో తఱచు జరుగు పొరపాటు.

చివరిది పరీక్షకుని మనస్సు. పోలీసుల కథను ముందు విని, పిమ్మట సూక్ష్మదర్శినిలో చూచినవాడు ఆ కథకు సరిపోవు దినములనే చూచునను భయము కలదు. మొదట కణజాలమును మాత్రము చూచి, కాలపరిమితిని వ్రాసి ముద్రవేసి, తరువాత కథను విని పోల్చుట న్యాయము.

ఒక కల్పిత నిదర్శనము

గంజాం జిల్లానుండి వేలాది యువకులు మగ్గముల పనికై సూరత్తునకు పోవుట అందరెరిగినదే. తండ్రి అచట, తల్లి ఇచట, బిడ్డ అవ్వ ఒడిలో నుండు ఇండ్లు అనేకములు. తర్కము కొరకు అట్టి ఇంటి నొకదానిని ఊహింపవచ్చును. తండ్రి సూరత్తునుండి వచ్చి ఎనిమిది దినములైనది. రెండు నెలల బిడ్డ మరణించినది. శవపరీక్షలో ఎడమవైపు మూడు ప్రక్కటెముకలపై అల్లిక ఎముకయు, కొంత మృదులాస్థియు కనబడినవి. కుడివైపు నొక ఎముకపై తాజా రక్తము మాత్రమే కలదు.

వైద్యుడు ఎడమవైపు గాయములకు "సుమారు పది దినములు" అని వ్రాసెననుకొనుడు. ఆ రెండు మాటలతో తండ్రి అనుమానితుల పట్టికనుండి తొలగును; తల్లియు, అవ్వయు మిగులుదురు. అదే వైద్యుడు "ఏడు నుండి పదునాలుగు దినములు" అని వ్రాసినచో ఎవరును తొలగరు. మొదటి వాక్యము వినుటకు స్పష్టముగా నున్నది, న్యాయవాదులకు ప్రియముగా నున్నది, కాని కణజాలము దానిని పలుకలేదు. రెండవ వాక్యము నిరాశ కలిగించును, కాని సత్యమదియే. కుడివైపు భంగము ఎడమవైపువానికంటె క్రొత్తదని మాత్రము ఇచట నిస్సంశయముగా చెప్పవచ్చును. బిడ్డ ఒక్కసారి పడుటవలన అన్నియు విరిగినవను కథ అందుచే కొట్టుపోవును. ఇంతవరకు ఎముక మాట. మిగిలినది విచారణ చేయువారి పని.

ఇచట మరియొక మర్యాద కూడ పాటింపవలసియున్నది. కాళ్ళు చాచి కూర్చుండి, బిడ్డను కాళ్ళపై వేసికొని, నూనె రాచి, వేడినీళ్ళు పోయుట తెలుగిండ్లలోను, ఒడియా ఇండ్లలోను తరతరముల ఆచారము. ఈ ఆచారమును చూచినంతనే అదే ఎముకలు విరిచినదను తొందర యొకటి. జరిగిన క్రౌర్యమును ఈ ఆచారము చాటున దాచు నేర్పు రెండవది. కణజాలము ఈ రెండింటిలో దేనిని సమర్థింపదు. అది ఎంతకాలమైనదో చెప్పును. ఏ చేయి, ఏ ఉద్దేశము అనునది చెప్పదు.

భాష తెచ్చు చిక్కు

కణజాలము చెప్పు కాలమును దేనితో పోల్చవలెను? ఇంటివారు చెప్పిన కాలముతో. బరంపురమున ఈ రెండవ కాలము కూడ సూక్ష్మదర్శినిక్రింద పెట్టదగినదే. తెలుగు తల్లి "మొన్న పడినాడు" అనును. మొన్న యనగా నిన్నటి ముందుదినము. వాడుకలో కొన్ని దినముల క్రిందటిదియు మొన్నయే, వారము గడచినదియు మొన్నయే. ఠాణాలో ఆ మాట ఒడియాలో రెండు దినముల క్రితమని వ్రాయబడినచో, ఆంగ్లమున వ్రాసిన వైద్యుని నివేదికలో ఏడు దినముల అతుకు కనబడినచో, ఆ తల్లి అబద్ధమాడినదని తేలును. ఆమె ఆడలేదు, మాట ఒక భాషనుండి మరియొక భాషకు దాటునపుడు దాని వెడల్పు పోయినది. "వారం పదిరోజులు" అనునదియు అట్టిదే. అది ఏడు దినములు కాదు, పది కాదు, పదునేడు అసలే కాదు.

కాలమును అంకెలతో చెప్పలేని తల్లి శుభకార్యములతో చెప్పగలదు. పదునొకండవ నాటి పురుడు, ఉయ్యాలలో వేసిన నాడు, ఒడియావారిలో ఇరువదియొకటవ నాటి ఏకోయిశియా, అమావాస్య, సంత జరిగిన దినము, ఇవి తేదీలకు కట్టిన కొయ్యలు. బిడ్డ ఆ వేడుకకు ముందు ఏడ్చుచుండెనా, పిమ్మటనా, ఆనాడు చేయి ఆడించెనా అని అడిగినచో, సూక్ష్మదర్శిని ఈయలేని నిశ్చయము కొంత ఆ తల్లి నోటనే లభింపవచ్చును. భాష నెరిగిన మనిషి ప్రక్కన లేని విచారణలో ఈ సాక్ష్యము నష్టమగుచున్నది. రెండు భాషలును ఎరిగిన బరంపురపు తెలుగువారు చేయదగిన సేవ యిచట కలదు.

ఏమి కావలెను?

న్యాయశాస్త్రము నిపుణుని అభిప్రాయమునకు చోటు నిచ్చినది. 2024 జూలై 1వ తేదీ వరకు భారత సాక్ష్యచట్టము 45వ విభాగమును, నాటినుండి భారతీయ సాక్ష్య అధినియమము 39వ విభాగమును ఈ విషయమునకు ఆధారములు. కాని నిపుణుని మాట అభిప్రాయమే. తీర్పు చెప్పువాడు న్యాయమూర్తి. నివేదికలో తుదిమాట మాత్రమే కాక దానికి దారితీసిన చిహ్నములు, తీసిన ముక్కల సంఖ్య, వాడిన పట్టిక, దాని లోపములు కూడ వ్రాసినపుడే న్యాయమూర్తి దానిని తూచగలడు. పది దినములని వ్రాసి ఊరకుండిన నివేదిక తూకమునకు లొంగదు.

నేడు వాడుకలోనున్న కాలపట్టికలలో ముఖ్యమైనవి పాశ్చాత్యదేశముల శిశువులనుండి వచ్చినవి. తక్కువ బరువుతో పుట్టి, పోషణలోపముతో పెరిగిన గంజాం బిడ్డల ఎముకలు అదే వేగమున అతుకుకొనునా అను ప్రశ్నకు పరిశోధనయే సమాధానము చెప్పవలెను. అందుకు సులభమైన మార్గమొకటి కలదు. కాన్పులో మెడయెముక విరిగిన బిడ్డలకు విరిగిన దినము ఎవరి మాటతోను పనిలేకయే తెలియును. వారికి చికిత్సలో భాగముగా తీసిన ఎక్స్‌రేలను తల్లిదండ్రుల సమ్మతితో వరుసగా కూర్చినచో, ఈ ప్రాంతపు శిశువుల అతుకువేగమునకు నమ్మదగిన కొలత లభించును. కణజాలమునకు అట్టి కొలత కూర్చుట మరింత కష్టము. ప్రమాదమున గాయపడి, ఆసుపత్రిలో కొన్నినాళ్ళుండి మరణించిన బిడ్డల విషయముననే అది సాధ్యము. పుత్రశోకమున నున్నవారిని అడుగవలసిన అనుమతి అది. అడుగు తీరులో దయ లేనిచో అడుగకుండుటయే మేలు.

తెలుగువారిలోను, ఒడియావారిలోను పసిబిడ్డలను దహనము చేయక పూడ్చిపెట్టుట సామాన్యాచారము. అందువలన ఆలస్యముగా సందేహము పుట్టినను మేజిస్ట్రేటు ఉత్తర్వుతో శవమును వెలికితీసి ఎముకలను పరీక్షించు అవకాశమున్నది. కాని ఈ అవకాశమునకు హద్దు కలదు. రక్తపుగడ్డ, కణములు మొదలగు తొలిదినముల చిహ్నములు మట్టిలో నశించును. సున్నము చేరిన అతుకు మాత్రమే నిలుచును. కావున వెలికితీసిన ఎముకపై అతుకు లేనంత మాత్రమున ఆ బిడ్డకు భంగమైన వెంటనే మరణము సంభవించినదని వ్రాయరాదు.

మొత్తముమీద కణజాలపరీక్ష విలువైనదే, విడువరానిదే. దానిని గడియారముగా భావించినవారు దానికి అపకారము చేయుచున్నారు. అది జల్లెడవంటిది, అసాధ్యమైన కథలను ఏరివేయును, సాధ్యమైనవానిని మిగుల్చును. మిగిలినవానిలో సత్యమేదో తేల్చుటకు ఇంటివారి మాట, ఇరుగుపొరుగు సాక్ష్యము, బిడ్డ పుట్టుకనాటి కాగితములు, ఆసుపత్రి చీటీలు అన్నియు కావలెను. 2015 నాటి బాలల న్యాయచట్టము 75వ విభాగము బిడ్డయెడ క్రౌర్యమును శిక్షార్హముగా చేసినది. ఆ శిక్ష పడవలసినవానిపై పడుటయు, పడరానివానిపై పడకుండుటయు నివేదికలోని ఒకటి రెండు అంకెలపై ఆధారపడియుండును. ఆ ఇంటిలో మరియొక బిడ్డ మిగిలియున్నచో, ఆ బిడ్డ ఎవరి ఒడిలో పెరుగవలెనన్నదియు ఆ అంకెలపైననే యుండును. అందుచేతనే వానిని వ్రాయువాడు కణజాలము చెప్పినంతవరకే చెప్పి, అచట కలము నాపవలెను.